చుక్క లేని కళ్ళు

తైనా కేసు ఫైలు మూసేయమని డాక్టర్ ఒటాసిలియో ఫుర్తాదో శనివారం పొద్దున్నే చెప్పేశాడు. ఆయన మందులిచ్చే డాక్టరు కాదు, స్టేషన్‌కి పెద్ద అధికారి. లా చదివిన పోలీసు అధికారిని ఆ ఊళ్ళో డాక్టర్ అనే పిలుస్తారు. అలా పిలవనివాళ్ళ ముఖాలు ఆయన బాగా గుర్తు పెట్టుకుంటాడు.

"పిల్ల సావో పావులోకి వెళ్ళిపోయింది. నిన్న తల్లికి మెసేజ్ కూడా పెట్టింది. మైనరేం కాదు. ఎవడితోనో వెళ్ళుంటుంది. ఇంకేం కావాలి నీకు?"

"ఆ మెసేజ్ రాసి పెట్టారు సర్" అంది ఇన్‌స్పెక్టర్ మర్లూసి. "తల్లికి చదువు రాదు. తైనా ఎప్పుడూ మాట్లాడి పంపిస్తుంది. ఫోన్‌లో పాతవన్నీ విన్నాను. అక్షరాల్లో వచ్చింది ఇదొక్కటే."

"హడావిడిలో రాసి పడేసి ఉంటుంది."

"హడావిడిలో ఉన్నవాళ్ళు మాట్లాడతారు సర్, రాయరు."

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలి, ఈ ఆడదానికి మొగుడు పోయాక మతి కూడా పోయిందని గదిలో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళకి కళ్ళతోనే చెప్పాడు. సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తానని, అప్పటిదాకా ఏం పీక్కుంటావో పీక్కోమని పైకి అన్నాడు. ఈ మాట ఇంకెప్పుడైనా విని ఉంటే మర్లూసి ఒళ్ళు మండేది. ఇప్పుడు మండలేదు. భర్త లిందోమర్ మోటారు సైకిలు చెరకు లారీ కిందకి వెళ్ళిపోయిన రోజు నుంచి ఆమెకి ఏదీ తగలడం లేదు. తింటుంది, పడుకుంటుంది, డ్యూటీకి వస్తుంది. పక్కింటివాళ్ళు ధైర్యవంతురాలని మెచ్చుకుంటారు. తిమ్మిరెక్కిన కాలికి ముల్లు గుచ్చుకుంటే తెలియకపోవడాన్ని ధైర్యమంటే అది ధైర్యమే.

వరండాలో బెంచీ మీద తైనా తల్లి దోనా జుల్మీరా కూర్చుని ఉంది. కూతురు కనిపించడం లేదని తెలిసిన బుధవారం నుంచి రోజూ వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుంటోంది. స్టేషన్ వాళ్ళిచ్చే బెల్లం కాఫీ తాగదు, ఇంటికి పొమ్మంటే పోదు. ఎందుకెళ్ళింది, ఎవరితో వెళ్ళింది అని అడగదు. మర్లూసి కనపడినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఉందా, లేదా? ఏదో ఒకటి చెప్పమ్మా. ఉందంటే ఎదురు చూస్తాను. లేదంటే పటం చేయించుకుని గోడకి పెట్టుకుంటాను. ఇలా మధ్యలో ఉండటం నా వల్ల కావడం లేదు."

కనుక్కుని చెప్తానంది మర్లూసి. అప్పుడు తన గొంతు బస్టాండులో మైకు మోగినట్టు వినిపించింది ఆమెకే.

తైనాని చివరిగా చూసినవాళ్ళలో ఫోటోగ్రాఫర్ తూలియో మొంతెనేగ్రో ఒకడు. పేరున్నవాడు. అతని దగ్గర తైనా సహాయకురాలిగా పనిచేసేది, అప్పుడప్పుడు ఫోటోలకి కూర్చునేది. పాత పత్తి మిల్లులో అతని ప్రదర్శన పెట్టారు. మర్లూసి అక్కడికి బయల్దేరితే డాక్టర్ కూడా జీపెక్కాడు. పెద్దమనిషిని ఆమె కెలక్కుండా చూడటం తన బాధ్యత అన్నాడు.

ప్రదర్శనలో ఉన్నది ఒకే ఫోటో. గోడంత ఉంది. పేరు 'కుటుంబం'. ఒక పొడవాటి సోఫా మీద పదకొండు మంది కూర్చున్నారు, నిజానికి వాళ్ళలో ఏ ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. ఆరుగురు ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళు, వాళ్ళ ముఖాలు ఇళ్ళల్లోని పాత పటాల్లోంచి తీసుకున్నవి. మిగతా ఐదుగురు బతికున్నవాళ్ళు, విడివిడిగా స్టూడియోలో తీసినవాళ్ళు. అందరినీ కంప్యూటర్ మీద ఒకే వెలుతురులోకి, ఒకే సోఫా మీదకి తెచ్చారు. ఇది ఫోటోయే కాదు, కత్తిరింపు పని అని రాష్ట్ర రాజధాని ఫొర్తలేజాలో బహుమతి ఇచ్చే పెద్దలు పేచీ పెట్టారట. అడక్కుండానే తూలియో ఆ సంగతి ఎత్తుకున్నాడు.

"కెమెరా అబద్ధం చెప్పదంటారు. చెప్తుంది, కాకపోతే మొరటుగా చెప్తుంది. నేను దానికి అందంగా చెప్పడం నేర్పాను. చచ్చినవాణ్ణీ బతికున్నవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టడం ఈ కరిరి ప్రాంతంలో ఎప్పట్నుంచో ఉన్నదే. మా అమ్మమ్మ పెళ్ళి పటంలో తాతయ్య వేసుకున్న కోటు ఆయన జన్మలో వేసుకోలేదు. పటాలవాడు వేశాడు. అప్పుడది ముచ్చట, ఇప్పుడిది మోసమట."

డాక్టర్ ఒటాసిలియో భేష్ అన్నాడు. మర్లూసి ఏమీ అనకుండా ఫోటో ముందుకి వెళ్ళి ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చింది. తైనా కుడివైపు చివర కూర్చుంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని. బాగానే ఉంది. ఎడమ నుంచి కుడికి ఇంకోసారి చూసింది. మూడోసారి చూసేటప్పుడు ఆమెకి అర్థమైంది. అర్థమైనా గుండె దడదడలాడలేదు.

"తైనా కళ్ళల్లో చుక్క లేదు" అంది.

"చుక్కలేంటి?" అన్నాడు డాక్టర్.

"కంట్లో పడే వెలుగు సర్. కిటికీ దగ్గర కూర్చుంటే నల్లగుడ్డు మీద తెల్లగా మెరుస్తుందే, అది. బతికున్న మిగతా నలుగురికీ ఉంది. పోయినవాళ్ళు ఆరుగురికీ లేదు. తైనాకీ లేదు."

ఆ చుక్క సంగతి ఆమెకి పుస్తకాల వల్ల తెలియలేదు. లిందోమర్ పోయిన రెండో నెలలో ఇద్దరికీ కలిపి పటం చేయించుకోవడానికి డమాజియో దుకాణానికి వెళ్ళింది. ఊళ్ళో ఇంకా పటాలు చేసేది వాళ్ళొక్కరే, ఈ 'కుటుంబం' ముఖాలు కలిపిందీ అతనే. పాత ఫోటోలు తీసుకోగానే డమాజియో ఒక్కొక్కరి మీద వేలు పెట్టి అడిగాడు, బతికున్నారా, పోయారా అని. పోయినవాళ్ళకి కోటు వేస్తారు, ముడతలు తీస్తారు, మూసిన కళ్ళు తెరిపిస్తారు, కంట్లో చుక్క మాత్రం పెట్టరు. తాతల నాటి నుంచీ ఆ దుకాణం పద్ధతి అది. బతికున్నవాళ్ళ చుక్క తీసేయమని ఎంత పెద్దవాళ్ళడిగినా తీయరు, అది వాళ్ళని చంపడంతో సమానమని నమ్మకం. మర్లూసి ఇంట్లో ఫ్రిజ్ పైన ఆ పటం ఉంది. లిందోమర్ కళ్ళు నల్లగా, నున్నగా ఉంటాయి. పక్కన ఆమె కళ్ళల్లో చుక్కలు మెరుస్తుంటాయి. తనకి చుక్క పెట్టడం డమాజియో మర్యాద కొద్దీ చేసిన పనేనని ఆమెకి చాలాసార్లు అనిపించింది.

"మీరు చెప్పి తీయించారా?" అని తూలియోని అడిగింది.

అతను ఫోటో దగ్గరికొచ్చి వంగి చూశాడు. మెడ మీదుగా చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"లేదు. మంగళవారం సాయంత్రం డమాజియో ఆఖరి కాపీ పంపాడు. నేను ఓకే అన్నాను. అందులో చుక్కలున్నాయి."

"చూపించండి."

అతను ఫోన్ తీసి ఆ కాపీని పెద్దది చేశాడు. తైనా కళ్ళల్లో రెండు తెల్ల చుక్కలు బియ్యపు నూకల్లా మెరుస్తున్నాయి. ఆ ఫైలు బుధవారం మధ్యాహ్నం డమాజియో దగ్గర్నుంచే అచ్చుకి వెళ్ళింది. ఈ మధ్యలో ఎవరో వాటిని తీసేశారు. తైనా కనపడకుండా పోయింది మంగళవారం రాత్రి.

"కింద మీ సంతకం ఉంది. అచ్చయి వచ్చాక మీరు చూడలేదా?"

"చెయ్యి డమాజియోది, కన్ను నాది. పని అలా పంచుకున్నాం" అన్నాడు తూలియో, కాస్త నీళ్ళు నములుతూ.

"మీ కన్ను ఈ కళ్ళ దాకా రాలేదన్నమాట."

డాక్టర్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు తూలియో మీద కాదని మర్లూసికి తెలుసు. రెండు తెల్ల చుక్కలు పట్టుకుని హత్య కేసు కడతావా, జడ్జి ముందు పెడితే స్టేషన్ పరువు గంగలో కలుస్తుంది, ఈ కంప్యూటర్ పనుల్లో ఏ చుక్క ఎక్కడ రాలిపోతుందో ఎవడు చూడొచ్చాడు అంటూ వాయించాడు. ఆయన వాయింపు పూర్తయ్యేదాకా ఆగి మర్లూసి అంది:

"బుధవారం మధ్యాహ్నానికే తైనా పోయిందని డమాజియోకి తెలుసు సర్. మనకి ఇప్పటికీ తెలీదు. నేను అతని దుకాణానికి వెళ్తున్నాను."

"వెళ్ళు. వెళ్ళి కుంచెలు అరెస్టు చేసుకురా. ఐదింటికి మాత్రం నా బల్ల మీద ఫైలుండాలి."

జీపు వెళ్ళిపోయాక తూలియో పోయిన పరువులో కొంచెమైనా వెనక్కి తెచ్చుకోవాలని చూశాడు. మీ డాక్టరు పైకి మోటుగా ఉంటాడు గాని కళ తెలిసినవాడు, గురువారం ఫోటో వేలాడదీస్తుంటేనే ఒక్కడే వచ్చాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని జానెడు దూరంలో నిలబడి చాలాసేపు చూశాడు, విమర్శకులు కూడా అంత దగ్గరగా చూడరు అన్నాడు. మర్లూసి చెవిన వేసుకోలేదు. ఆమె మనసు డమాజియో మీద ఉంది. మనసు అనడం అతిశయోక్తే, పోలీసు బుర్ర అలవాటు కొద్దీ తన పని తను చేసుకుపోతోంది.

దుకాణం తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది. శనివారం మధ్యాహ్నం బేరాలొచ్చే వేళ గడియ దేనికో ముందు అదే అడిగింది. తలనొప్పి అన్నాడు డమాజియో. ముప్పై ఐదేళ్ళవాడు, వేళ్ళు సన్నగా ఉంటాయి. తాత కుంచెలు గోడ మీద అలాగే ఉన్నాయి, బల్ల మీద కంప్యూటరూ, పలక లాంటి దాని మీద గీసే పెన్నూ ఉన్నాయి. తెర మీద ఒక ముసలాయన ముఖం సగం దాకా వచ్చి ఆగింది.

మర్లూసి స్టూలు లాక్కుని అతని ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఫోన్‌లో రెండు కాపీలనీ పక్కపక్కన పెట్టి చూపించింది.

"ఏది మంగళవారంది, ఏది బుధవారంది?"

అతను బల్ల మీది పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"చుక్క తీసింది నువ్వేనా?"

"అచ్చులో పోయుంటుంది మేడమ్."

"బతికున్న ఐదుగురిలో ఒక్కదానికే పోయిందా? పోయిన చోట గుడ్డు మీద నలుపు నున్నగా పూసి ఉంది. మా ఆయనకి కూడా అలాగే పూశావు. ఆ పూత నేను రోజూ చూస్తాను డమాజియో, వేరే పనేం లేదు నాకు."

అతను తలదించుకున్నాడు. మర్లూసి గొంతు పెంచలేదు, బల్ల చరచలేదు. తైనాని చంపినవాడికీ, చంపగా చూసినవాడికీ తప్ప బుధవారం నాటికి ఆమె చావు తెలిసే వీలు లేదనీ, ఈ రెంటిలో నువ్వేదో చెప్పమనీ, చెప్పకపోతే ఐదింటికి డాక్టర్ మూసే ఫైల్లో నీ పేరు రాసి మరీ ఇస్తాననీ, కూరగాయల బేరం చేసినంత మామూలుగా చెప్పింది. అలా మామూలుగా చెప్పడానికే అతను ఎక్కువ భయపడ్డట్టున్నాడు. పెన్ను చేతిలోంచి జారి కింద పడితే తీసుకోలేదు.

"శవం ఎక్కడుంది?" అంది.

"శవం లేదు మేడమ్."

"తల్లి బుధవారం నుంచి బెంచీ మీద కూర్చుంది. ఆవిడకి పూడ్చుకోవడానికి శవం కావాలి."

"లేదంటున్నాను కదా. తైనా పోలేదు. బతికే ఉంది."

మర్లూసి తైనా కళ్ళ మీద వేలు పెట్టి చూపించింది.

"బతికున్నదాని చుక్క మీరు తీయరు కదా."

"తీయం. మా తాతుంటే నా చెయ్యి నరికేవాడు. బుధవారం పొద్దున ఆ రెండు చుక్కలూ చెరిపేశాను. కానీ అదొక్కటే దారి. మా దుకాణం సంగతి తెలిసినవాడు ఆ ఫోటో చూస్తే ఇంక ఆమె కోసం వెతకడు. పోయిందనే నమ్ముతాడు. మీరు నమ్మలేదూ?"

"ఇదంతా తనే చెయ్యమందా?"

"తనే. నా పక్కన కూర్చుని, చెరిపేదాకా తెర వైపే చూసింది. నన్ను చంపెయ్ డమాజియో, అప్పుడే బతుకుతాను అంది."

"తల్లికి ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్తాం మేడమ్? ఆవిడ పొద్దస్తమానం స్టేషన్‌లోనే కూర్చుంటోంది. ఆవిడ ముఖంలో ఏదీ దాగదు."

ఆ మాటకి అర్థమేమిటో మర్లూసి అప్పుడే ఆలోచించవలసింది. ఆలోచించలేదు. బతికే ఉంది అన్న మాట చెవిలో పడ్డప్పటి నుంచి ఆమెకి ఛాతీలో ఏదో నొప్పి మొదలైంది. లిందోమర్ పోయాక ఎనిమిది నెలలుగా అక్కడ ఏ నొప్పీ లేదు. అది సంతోషమని పోల్చుకోవడానికి కాస్త టైం పట్టింది. పోయారనుకున్నవాళ్ళు తిరిగి రావడం అనేది లోకంలో ఎవరో ఒకరికైనా జరుగుతోంది. ఆ ఒకరు అక్కడ బెంచీ మీద కూర్చుని, అవుననో కాదనో ఒక్క మాట కోసం కాసుకుని ఉంది. మర్లూసి ఫోన్ తీసింది. ఆగండి మేడమ్, ఇంకా ఉంది, ఎవరికీ చెప్పకండి అని డమాజియో లేచేలోపే అవతల ఫోన్ ఎత్తారు.

"దోనా జుల్మీరా, మర్లూసిని. ఉందమ్మా. మీ అమ్మాయి ఉంది. బతికే ఉంది."

అవతల ఏడుపు, ఏడుపులోనే నవ్వు. ఆవిడ ఎవరితోనో, విన్నారా బాబూ, నా పిల్ల ఉందంట, ఉందంట అని చెబుతోంది. మర్లూసి కళ్ళు తుడుచుకుంది. తడి తగిలినప్పుడు గాని తను ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియలేదు.

ఫోన్‌లో గొంతు మారింది.

"శభాష్ మర్లూసి. నేనే పొరపాటు పడ్డాను, ఒప్పుకుంటున్నా. ఎక్కడుంది పిల్ల?"

"ఇంకా అడగలేదు డాక్టర్, డమాజియో ఇప్పుడే..."

డాక్టర్ అన్న పిలుపు వినగానే డమాజియో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

"...అతనికీ తెలీదంటున్నాడు సర్" అంది మర్లూసి.

అవతల జీపు తాళాలు గలగలమన్నాయి.

"సరే. నువ్వక్కడే ఉండు, నేనొస్తున్నా. దోనా జుల్మీరాని కూడా జీపులో తీసుకొస్తున్నా. పాపం, ఆవిడ ఇక్కడొక్క క్షణం నిలబడేట్టు లేదు."

ఫోన్ పెట్టేశాడు. డమాజియో ఆమె మణికట్టు వదల్లేదు. ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. మేలో ఆనకట్ట దగ్గర తూలియో తైనాని కొన్ని ఫోటోలు తీశాడు. ఒకదాంట్లో వెనకాల గట్టు మీద ఒక జీపూ, ఇద్దరు మనుషులూ పడ్డారు. తూలియో వాళ్ళని చూడను కూడా చూడకుండా చెరిపెయ్యమన్నాడు, డమాజియో చెరిపేశాడు. బహుమతివాళ్ళు అడిగితే చూపించాలని అసలు ఫైళ్ళు దాచే పని తైనాది. సోమవారం వాటిని సర్దుతూ పెద్దది చేసి చూసింది. ఇద్దరిలో ఒకడి చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. జెనివాల్.

"స్టేషన్ నుంచి పారిపోయాడని కేసు మూసేసిన జెనివాలా?"

"ఆ కుర్రాడే, పారిపోలేదన్నమాట. రెండోవాడు మీ డాక్టరు. ఆయన ముఖం ఫోటోలో సరిగ్గా పడలేదు, అందుకే తైనా పోల్చుకోలేదు. మంగళవారం మీరు సెలవులో ఉన్నారు. అది పట్టుకుని నేరుగా ఆయన గదికే వెళ్ళింది."

చాలా మంచి పని చేశావమ్మా అని మెచ్చుకుని, చీకటి పడింది ఇంటి దగ్గర దింపుతానని ఆయనే జీపెక్కించుకున్నాడు. ఆనకట్ట మీద ఫోన్ లాక్కుని, ఆమెని నీళ్ళల్లోకి తోసేశాడు. తైనాకి ఈత వచ్చునని ఆయనకి తెలియదు. శవం తేలకపోయేసరికి బుధవారం పొద్దున్నే దుకాణానికొచ్చి, తైనా ఏమైనా కనిపించిందా అని ఆరా తీశాడు. అప్పుడు తైనా తడి బట్టలతో పైగదిలో మంచం కింద పడుకుని ఉంది. గురువారం వెళ్ళి ఫోటోలో కళ్ళు చూసుకున్నాడు, నమ్మాడు, శుక్రవారం నిశ్చింతగా ఆమె ఫోన్‌లోంచి తల్లికి మెసేజ్ పెట్టాడు.

"చుక్కంటే ఏంటో ఆయనకి తెలీదు. ఇందాక నన్నే అడిగాడు" అంది మర్లూసి. అంటూండగానే ఆ మాట ఎంత తెలివితక్కువదో ఆమెకి తెలిసిపోయింది.

"వాళ్ళ నాన్న మా తాత పటాలు ఊరూరా తిరిగి అమ్మాడు మేడమ్. గడప గడపకీ వెళ్ళి బతికున్నారా, పోయారా అని అడిగి రాసుకొచ్చేది ఆయనే. డాక్టరు చిన్నప్పుడు ఈ బల్ల కిందే ఆడుకున్నాడు."

"తైనా ఇప్పుడెక్కడుంది?"

డమాజియో పైకి చూశాడు. మెట్ల మలుపులో బొంతలాంటి పాత తెర పక్కకి జరిగి, ఒక సన్నటి పిల్ల మెట్టు మీద కూర్చుని కనిపించింది. మోచేతుల మీద చర్మం గీరుకుపోయి ఉంది. అంతా వింటూనే ఉన్నట్టుంది.

"అమ్మకి చెప్పేశారా?" అంది తైనా. నిష్ఠూరం లేదు, కోపం లేదు, అడిగిందంతే.

మర్లూసి అవునని తల ఊపింది. ఇన్నాళ్ళకి ఒక్కసారి, ఒక్కసారే ఆగలేకపోయింది. ఎనిమిది నెలలు చచ్చినట్టు పడి ఉన్న మనసు ఇంకొక్క పూట అలాగే పడి ఉంటే ఈ పిల్ల గండం గడిచిపోయేది. దొడ్డిదారి ఉందా అంటే లేదన్నాడు డమాజియో, వెనక గోడ పక్కింటి గోడతో కలిసిపోయింది. ఫొర్తలేజాలో పై అధికారికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. తైనాని పైకి పొమ్మని, తుపాకి తీసి, తలుపు సందులోంచి బయటికి చూసింది.

జీపు అప్పుడే వచ్చి ఆగింది. డాక్టర్ ఒటాసిలియో దిగి, చుట్టూ తిరిగొచ్చి, దోనా జుల్మీరాకి ఎంతో మర్యాదగా చెయ్యి అందించాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని దిగింది. ఇద్దరూ తలుపు వైపు నడిచారు. ఆవిడ ముందు, ఆయన వెనక, ఆవిడ భుజం మీద చెయ్యేసి. మర్లూసి తుపాకి ఎత్తింది. ఎక్కడ గురి పెట్టినా ఆవిడే అడ్డం ఉంది.

తల్లి తలుపు తట్టింది.

"తైనా, నేనే, అమ్మని. తియ్యమ్మా" అంది నవ్వుతూ.

పైన మెట్ల మీద కిందికి దిగుతున్న అడుగుల చప్పుడు మొదలైంది.